భుజాన మోసే 4×5కి తేలికైన వైడ్ లెన్స్ ఎంచుకోవడం

4×5 కెమెరా (4×5 అంగుళాల ఫిల్మ్ షీట్లు వాడే పెద్ద కెమెరా) భుజాన వేసుకుని కొండలూ వాగులూ తిరిగేవాళ్లు వైడ్ లెన్స్ మాట రాగానే ముందు అడిగేది, "ఏది ఎక్కువ షార్ప్?" అని. నన్నడిగితే ఆ ప్రశ్నతో పెద్దగా పని లేదు. మల్టీకోటింగ్ వచ్చాక నికాన్, ష్నైడర్, రోడెన్‌స్టాక్, ఫుజి చేసిన వైడ్ లెన్సుల్లో మంచి స్థితిలో ఉన్నది ఏది తీసుకున్నా ఎఫ్/22 దగ్గర మన పనికి చాలినంత షార్ప్‌గా ఉంటుంది. నేను వేసుకునే ప్రశ్న వేరు. ఆ లెన్స్ ఇచ్చే ఇమేజ్ సర్కిల్‌లో (లెన్స్ వెనక బొమ్మ పడే గుండ్రటి మేరలో) నేను నిజంగా వాడేదెంత? వాడని భాగం కోసం ఎన్ని గ్రాములు మోస్తున్నాను? మోకాళ్లు మాట వినడం మానేసిన దగ్గర్నుంచీ ఈ లెక్క నాకు బాగా ఒంటబట్టింది.

గ్రాముల దాకా వెళ్లే ముందు రెండు పనులున్నాయి. రెండూ చేతిలో లెన్స్ లేకుండానే అయ్యేవి.

ముందు అట్టముక్కతో నడవండి

ఒక నల్లటి అట్ట తీసుకుని మధ్యలో 96×120 మిల్లీమీటర్ల కిటికీ కోయండి. 4×5 ఫిల్మ్ మీద బొమ్మ పడే మేర దాదాపు అంతే, మిగతాది హోల్డర్ అంచుల కింద దాగిపోతుంది. అట్టకు ఒక దారం కట్టి, అట్ట నుంచి 75, 90, 110, 135 మి.మీ. దూరాల్లో ముళ్లు వేయండి. కావలసిన ముడిని కంటి పక్కన ఎముకకు ఆనించి, దారం బిగుతుగా ఉండేలా అట్టను ముందుకు పట్టుకుని ఒంటికన్నుతో చూడండి. ఆ ఫోకల్ లెంగ్త్‌కి ఫ్రేమ్‌లో ఏది పడుతుందో, ఏది పడదో అక్కడికక్కడే తేలిపోతుంది.

లెక్క ప్రకారం 90 మి.మీ. లెన్స్ అడ్డంగా 67 డిగ్రీలు చూస్తుంది. 75 అయితే 77, 65 అయితే 85. అటువైపు 110 దగ్గర 57, 135 దగ్గర 48. చిన్న 35 మి.మీ. కెమెరా అలవాటున్నవాళ్లకు 4×5 మీద 90 అంటే వెడల్పు లెక్కన అక్కడి 27తో సమానం. కానీ డిగ్రీలు చదివి నిర్ణయం తీసుకోవద్దు, కొన్నాళ్లు అట్టతో తిరగండి. 75 మీద మనసు పడ్డవాళ్లు అట్ట పట్టుకున్నాక 90 దగ్గరో 110 దగ్గరో ఆగిపోవడం చూశాను. వైడ్ పెరిగేకొద్దీ దూరపు కొండ గోరంత అవుతుంది, కాళ్ల ముందున్న బండ ఫ్రేమ్‌లో సగం ఆక్రమిస్తుంది. ఆ బండలో చూడదగ్గది ఏదైనా ఉంటే మంచిదే. లేకపోతే ఫొటోలో సగం ఉత్త నేలే.

తర్వాత కెమెరా ఎంతవరకు ఒప్పుకుంటుందో చూడండి

ఈ పరీక్ష చేయకుండా లెన్స్ కొనొద్దని అందరికీ చెబుతుంటాను. మడతపెట్టే ఫీల్డ్ కెమెరాలో ఖాళీ లెన్స్ బోర్డు (లెన్స్ బిగించే పలక) పెట్టి, ముందు స్టాండర్డ్‌ను (ఆ బోర్డును పట్టుకునే చట్రాన్ని) గ్రౌండ్ గ్లాస్ (వెనక బొమ్మ చూసుకునే గరుకు గాజు) నుంచి 90 మి.మీ. దూరానికి తెచ్చి స్కేలుతో సరిచూసుకోండి. (అసలు దూరం ఫోకల్ లెంగ్త్‌కి కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. తయారీదారుల పట్టికల్లో దాన్ని ఫ్లాంజ్ ఫోకల్ డిస్టెన్స్ అని ఇస్తారు.) ఇప్పుడు ముందు స్టాండర్డ్‌ను మెల్లగా పైకి లేపండి. బెల్లోస్ (రెండింటి మధ్య ఉండే మడతల తిత్తి) అంత దగ్గరగా నొక్కుకుపోయినప్పుడు గట్టిపడి ఎదురుతిరుగుతుంది. ఏ మిల్లీమీటరు దగ్గర స్టాండర్డ్ ఒరగడమో వెనక్కి నెట్టినట్టు అవడమో మొదలైతే అదే మీ కెమెరా హద్దు. చాక్‌పీసుతో అక్కడో గీత పెట్టుకోండి.

ఆ గీత 20 దగ్గర ఉందనుకోండి. అప్పుడు 53 మి.మీ. రైజ్ (ఇలా లెన్స్‌ను పైకి జరపడం) ఇవ్వగల లెన్స్ కొన్నా, పైన మిగిలిన 33 మి.మీ. బ్యాగులో బరువుగా తిరగడానికే పనికొస్తాయి. బ్యాగ్ బెల్లోస్ (మడతల్లేని వదులు తిత్తి) వేసుకునే వీలున్న కెమెరా అయితే ఇంకాస్త స్వేచ్ఛ దొరుకుతుంది. గుంట ఉన్న రిసెస్డ్ బోర్డు కూడా ఒక దారే కానీ నాకు దానితో పొసగదు. షట్టర్ ఆ గుంటలో కూర్చుంటుంది, కేబుల్ రిలీజ్ ఓ పట్టాన బిగవదు, చలికి మొద్దుబారిన వేలితో అపర్చర్ మీట జరపడం నరకం. 90కి మామూలు చదును బోర్డుతో పని జరిగే కెమెరా ఉంటే దానితోనే సరిపెట్టుకోండి.

ఇంకో రెండు చూడాలి. ఒకటి, ముందు స్టాండర్డ్ రంధ్రం ఎంత వెడల్పు? పెద్ద వైడ్ లెన్సుల వెనక గ్లాసు కొన్ని కెమెరాల్లో ఆ రంధ్రంలో దూరనే దూరదు. రెండు, వెనక భాగాన్ని నిలువుకి తిప్పినప్పుడు కెమెరా బెడ్ ముందంచు ఫ్రేమ్‌లోకి వస్తుందా? వస్తే బెడ్‌ను కిందికి వంచే ఏర్పాటు మీ కెమెరాలో ఉండాలి.

సర్కిల్ లెక్క

96×120 చట్రం మూల నుంచి మూలకి 154 మి.మీ. అంటే 154 సర్కిల్ ఉన్న లెన్స్ నాలుగు మూలల్నీ అంటీముట్టనట్టు కప్పుతుంది, కదలడానికి చోటు ఉండదు. అడ్డం ఫ్రేమ్‌లో ఏ లెన్స్ ఎంత రైజ్ ఇస్తుందో తెలుసుకోవడం తేలికే. సర్కిల్ వ్యాసంలో సగం తీసుకుని వర్గం చేయండి, అందులోంచి 3600 తీసేయండి, వచ్చినదాని వర్గమూలంలోంచి 48 తీసేయండి. 216 సర్కిల్‌కి సగం 108, వర్గం 11664, 3600 పోతే 8064, వర్గమూలం 90కి కాస్త తక్కువ. 48 తీసేస్తే దాదాపు 42 మి.మీ.

ఈ కొలతతో 90 మి.మీ. లెన్సుల్ని చూడండి. పాత ష్నైడర్ యాంగులాన్ ఎఫ్/6.8కి సర్కిల్ 154, రైజ్ సున్నా. ష్నైడర్ సూపర్ యాంగులాన్ ఎఫ్/8, ఫుజినాన్ ఎస్‌డబ్ల్యు ఎఫ్/8 రెండూ 216, అంటే 42. రోడెన్‌స్టాక్ గ్రాండగాన్ ఎన్ ఎఫ్/6.8కి 221, దాదాపు 45. నికోర్ ఎస్‌డబ్ల్యు ఎఫ్/8కి 235, అంటే 53. ఇవన్నీ ఎఫ్/22 దగ్గరి అంకెలు, పూర్తి అపర్చర్‌లో సర్కిల్ ఇంకా చిన్నది.

మరి బయట మనం వాడేదెంత? భవనాలు తీసేవాళ్లకు రైజ్ ఎంతున్నా చాలదు. కొండలు తీసేవాళ్లకు ఎక్కువగా కావలసింది టిల్ట్. నేల మీది గడ్డి నుంచి దూరపు శిఖరం దాకా ఒకే ఫోకస్‌లోకి రావాలంటే ముందు స్టాండర్డ్‌ను కాస్త ముందుకు వంచుతాం. లెన్స్ నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటే, 90 మి.మీ.కి నేలంతా ఫోకస్‌లోకి తెచ్చే టిల్ట్ మూడున్నర డిగ్రీలే. దానివల్ల సర్కిల్ జరిగేది ఐదారు మిల్లీమీటర్లు. జలపాతమో ఎత్తైన చెట్లో వచ్చినప్పుడు 15 నుంచి 25 మి.మీ. దాకా రైజ్ వాడతాను. 42 నిండా వాడుకునే సందర్భం నా తరహా పనిలో అరుదు, 53 గురించి చెప్పనే అక్కర్లేదు. అందుకే 216 దగ్గరో 221 దగ్గరో ఆగినందుకు బాధపడొద్దు.

అలాగని యాంగులాన్ దాకా దిగాలా? అది అరచేతిలో ఇమిడిపోతుంది, కెమెరా మడిచినా చాలా ఫీల్డ్ కెమెరాల్లో లోపలే ఉండిపోతుంది, చూస్తే ఆశ పుడుతుంది. కానీ ఐదు మిల్లీమీటర్ల టిల్ట్ జరుగుడుకి కూడా దానిలో చోటు లేదు. టిల్ట్ చేయగానే ఆకాశం వైపు మూలలు మసకబారి నల్లబడతాయి. పైగా ఒక్కో యాంగులాన్ ఒక్కో తీరు, కొన్ని ఎఫ్/32కి మూసినా మూలల్లో మెత్తగానే ఉంటాయి. ఫ్రేమ్ అంచులు కాస్త కోసుకోవడానికి సిద్ధపడితే, బరువే ప్రాణసంకటంగా ఉంటే తీసుకోండి. ఉన్న ఒకే ఒక్క వైడ్‌గా మాత్రం వద్దు.

సూపర్ యాంగులాన్ తరహా లెన్సుల బరువు ఊరికే రాలేదు. వీలైతే ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. షట్టర్‌ను టి మీద తెరిచి, ఎఫ్/22కి మూసి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని మెల్లగా పక్కకి తిప్పండి. మామూలు లెన్సులో ఆ చిన్న వెలుగు రంధ్రం పక్కకి తిరిగేకొద్దీ వడ్లగింజలా సన్నబడిపోతుంది. దీనిలో అలా కాదు. ముందు వెనకల ఉన్న పెద్ద వంపు గ్లాసుల వల్ల రంధ్రం మీ వైపే తల తిప్పినట్టు, వెడల్పుగా కనిపిస్తూ ఉంటుంది. అంచులకు వెళ్లే వెలుతురు కాపాడుకునే ఉపాయం అది. 90 మి.మీ.తో ఫ్రేమ్ మూలలు నడిమి నుంచి 40 డిగ్రీల పక్కన ఉంటాయి. అక్కడ మామూలు డిజైన్‌లో ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు అంటే వెలుతురు సగం కావడం) వెలుతురు తగ్గితే, ఈ డిజైన్‌లో స్టాపుంపావు. తేడా చిన్నదిగా అనిపించవచ్చు. రైజ్ చేసి సర్కిల్ అంచుల్లోకి, 50 డిగ్రీల దాకా వెళ్లినప్పుడు మాత్రం రెండున్నర స్టాపులకూ రెండుకి లోపుకూ ఉన్న తేడా అవుతుంది. స్లయిడ్ ఫిల్మ్ మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఎఫ్/8 చాలదా?

చాలు. నికోర్ ఎస్‌డబ్ల్యు 90లో రెండు రకాలున్నాయి. ఎఫ్/8ది 360 గ్రాములు, 67 మి.మీ. ఫిల్టర్. ఎఫ్/4.5ది 600 గ్రాములు, 82 మి.మీ. ఫిల్టర్. ఎఫ్/22 దగ్గర రెండింటి సర్కిల్ ఒకటే, 235. అదనంగా మోసే 240 గ్రాములకు దక్కేది గ్రౌండ్ గ్లాస్ మీద ఒకటీ మూడింట రెండు వంతుల స్టాపు ఎక్కువ వెలుతురు, అంతే. ఫొటో ఎలాగూ ఎఫ్/22కో ఎఫ్/32కో తీస్తాం. కారు పక్కనే ట్రైపాడ్ వేసేవాళ్లు, గదుల లోపల తీసేవాళ్లు ఎఫ్/4.5 తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. నాతో తిరిగే ఒకాయన దాన్నే సమర్థిస్తూ వాదిస్తాడు, పైకెక్కేటప్పుడు మాత్రం వాదన ఉండదు.

తెల్లవారుజామున ఎఫ్/8 లెన్స్‌తో మూలలు చీకటిగా ఉంటాయన్నది నిజమే. దానికి బరువు లేని విరుగుళ్లు ఉన్నాయి. దగ్గరి బండ మీద చిన్న టార్చి పెట్టి, ఆ వెలుగు చుక్క మీద లూప్‌తో (చిన్న భూతద్దంతో) ఫోకస్ చేయండి. దూరానికి కొండ గట్టు ఆకాశాన్ని తాకే గీత చాలు. డార్క్ క్లాత్ మెడ చుట్టూ బిగించుకోండి, సందుల్లోంచి వెలుతురు వస్తే ఎఫ్/4.5 కూడా కాపాడదు. గ్రౌండ్ గ్లాస్‌కి ఫ్రెనెల్ (వెలుతురును కంటివైపు మళ్లించే సన్న గీతల పలక) తోడైతే మూలలు బాగా వెలుగుతాయి.

ఇంకా తేలిక పద్ధతి ఒకటుంది. కెమెరా బెడ్ మీద మి.మీ. స్కేలు అతికించండి. దగ్గరి వస్తువుకీ దూరానికీ ఫోకస్ చేసినప్పుడు స్టాండర్డ్ ఎంత జరిగిందో చూసి, సరిగ్గా మధ్యలో నిలపండి. జరిగిన మిల్లీమీటర్లను 5తో గుణిస్తే కనీసం ఎంత ఎఫ్ నంబరు కావాలో వస్తుంది (0.1 మి.మీ. మసక చుక్కను లెక్కలోకి తీసుకుంటే). 90 మి.మీ.తో 1.9 మీటర్ల నుంచి అనంతం దాకా జరుగుడు దాదాపు 4.5 మి.మీ., అంటే ఎఫ్/22. అదే దూరాలకు 135తో 10 మి.మీ. దగ్గరికి వెళ్తుంది, ఎఫ్/45 దాటాలి, లేదా టిల్ట్ చేయాలి. వైడ్ లెన్స్‌తో చాలాసార్లు టిల్ట్ అక్కర్లేకుండానే గడిచిపోతుందనడానికి లెక్క ఇదే. టిల్ట్ చేసినా ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే ఫోకస్ ఎక్కడికో పోతుంది. స్టాండర్డ్ తాళాలు గట్టిగా బిగిసే కెమెరా ఉండాలి.

90 కాకపోతే

నా లెక్కలన్నిటికీ ఎదురు నిలిచే లెన్స్ ఒకటుంది, ష్నైడర్ సూపర్ సిమ్మార్ ఎక్స్‌ఎల్ 80 ఎఫ్/4.5. బరువు 271 గ్రాములు, సర్కిల్ 212, ఫిల్టర్ 67. వెలుతురూ తేలికా రెండూ ఒకేచోట. దొరకడం కష్టం, దొరికితే ఖరీదు. దాని అన్న 110 ఎఫ్/5.6 బరువు 425 గ్రాములు, సర్కిల్ 288. 4×5 మీద ఆ సర్కిల్ అయిపోయేదాకా జరిపే ఫీల్డ్ కెమెరా నేనింకా చూడలేదు.

అట్టలోంచి చూసినప్పుడు 135 దగ్గర మీ కన్ను ఆగితే అదృష్టవంతులు. నికోర్ డబ్ల్యు 135 ఎఫ్/5.6 బరువు 200 గ్రాములు, ఫిల్టర్ 52, సర్కిల్ 200, రైజ్ 32 మి.మీ. దాకా. మామూలు బోర్డు, మామూలు బెల్లోస్, వెలుతురు తగ్గుదల గొడవ లేదు. వైడ్ అనడానికి కాస్త మొహమాటపడాలి, అంతే.

90 కంటే కిందికి వెళ్తే చోటు తగ్గిపోతుంది. గ్రాండగాన్ ఎన్ 75 ఎఫ్/6.8కి సర్కిల్ 187, రైజ్ 24. 65 ఎఫ్/4.5కి 170, రైజ్ 12. 65తో బెల్లోస్ ఇంకా దగ్గరగా నొక్కుకోవాలి, చాలా ఫీల్డ్ కెమెరాలు అక్కడ చేతులెత్తేస్తాయి. 5×7 వాళ్లకు 216 సర్కిల్ అంతంత మాత్రంగా సరిపోతుంది, 235 నయం. 8×10 మోసేవాళ్లకు నికోర్ ఎస్‌డబ్ల్యు 120 ఎఫ్/8 ఉంది, 610 గ్రాములు, 312 సర్కిల్, ఫిల్మ్ మూలలకు సరిగ్గా ఆనుతుంది.

తూకం వేసేటప్పుడు

లెన్స్ ఒక్కదాన్నే తూచొద్దు. బోర్డు, ముందు వెనక మూతలు, చుట్టే గుడ్డ, దానికోసం మాత్రమే మోసే ఫిల్టర్లు, అన్నీ కలిపి త్రాసు మీద పెట్టండి. మీ మిగతా లెన్సులు 52 మీదా 67 మీదా ఉంటే, 82 మి.మీ. ఫిల్టర్ల మరో సెట్ కొనాల్సి రావడమే ఒక బరువు.

సెంటర్ ఫిల్టర్ దగ్గర చాలామంది తడబడతారు. నడిమి నల్లగా, అంచులు తేటగా ఉండి మూలల వెలుతురును సమం చేస్తుంది. ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు తినేస్తుంది, దాని ముందు థ్రెడ్ లెన్స్ థ్రెడ్ కంటే పెద్దది కాబట్టి దానిమీద పెట్టే ఫిల్టర్లూ పెద్దవవుతాయి. నెగెటివ్ ఫిల్మ్ వాడేవాళ్లు 90తో దాన్ని ఇంట్లో వదిలేయొచ్చు, మూలల్ని ప్రింట్‌లోనో స్కాన్‌లోనో సర్దుకోవచ్చు. స్లయిడ్ ఫిల్మ్ వాడుతూ రైజ్ చేసేవాళ్లు మోయక తప్పదు. పోలరైజర్ జోలికి మాత్రం వెళ్లొద్దు. 67 డిగ్రీల ఆకాశంలో ఒకవైపు ముదురు నీలం, మరోవైపు వెలిసిన నీలం పడుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో చూడాల్సినవి

ఈ లెన్సుల్లో ఎక్కువ భాగం ఇప్పుడు దొరికేది సెకండ్ హ్యాండ్‌లోనే. షట్టర్‌లో ఒక సెకను వేగం పెట్టి వినండి. మధ్యలో నత్తిపడితే శుభ్రం చేయించాల్సిందే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. చిన్న 90లు ఎక్కువగా కొపాల్ 0 సైజు షట్టర్‌లో ఉంటాయి, బోర్డు రంధ్రం 34.6 మి.మీ. కొపాల్ 1కి 41.6. బోర్డు కొనేముందు ఇది సరిచూసుకోండి. అపర్చర్ స్కేలు లెన్స్‌కి తగ్గదేనా అన్నదీ చూడండి. ఎఫ్/8 లెన్స్ మీద 5.6 నుంచి మొదలయ్యే స్కేలు ఉంటే షట్టర్ మార్చారని అర్థం, అంకెలు నమ్మడానికి లేదు.

వెనక నుంచి టార్చి వేసి చూస్తే పొగ, ఫంగస్ దొరికిపోతాయి. ష్నైడర్ లెన్సుల అంచుల్లో తెల్లటి చుక్కలు కనిపించవచ్చు. అది లోపలి నల్లరంగు లేవడం, బొమ్మకు దాదాపు ఏమీ కాదు, బేరానికి మాత్రం బాగా పనికొస్తుంది. ముందు గ్లాసు మీద సన్న గీత కంటే వెనక గ్లాసు మీది గీతకే ఎక్కువ భయపడండి. ఫిల్టర్ థ్రెడ్ నొక్కుకుపోయిందా అన్నది వేలితో తడిమి చూడండి.

బోర్డుకి బిగించడానికి వెనక సెల్ మరతిప్పి తీయక తప్పదు, గ్లాసు రంధ్రంలో పట్టదు కాబట్టి. కొన్ని లెన్సుల్లో సెల్‌కీ షట్టర్‌కీ మధ్య కాగితమంత పలచని రింగు ఉంటుంది. అది జారి పడిపోకుండా గుడ్డ పరిచిన బల్ల మీదే ఈ పని చేయండి, తీసిన చోటే మళ్లీ పెట్టండి.

బిగించాక ఒక పరీక్ష. ఎఫ్/22కి మూసి, రైజ్ కొంచెం కొంచెం పెంచుతూ గ్రౌండ్ గ్లాస్ కోసిన మూలల్లోంచి లెన్స్ వైపు చూడండి. కింది మూలల్లోంచి చూడాలి, తలకిందుల బొమ్మలో ఆకాశం పడేది అక్కడే. రంధ్రం నిండుగా కనిపిస్తే ఆ మూలకు వెలుతురు చేరుతున్నట్టు. ఒక పక్క కోతపడి పిల్లికన్నులా కనిపించడం మొదలైతే హద్దు వచ్చినట్టే, అడ్డుపడింది సర్కిల్ అయినా, బెల్లోస్ మడత అయినా. ఒక ఫిల్మ్ దాని మీద ఖర్చుపెట్టి నిర్ధారించుకున్నాక, స్టాండర్డ్ మీద చాక్‌పీసు గీత తుడిచేసి పెయింటు చుక్క పెట్టండి. చీకట్లో వేలితో తడిమినా తెలిసేలా కాస్త ఉబ్బెత్తుగా పెట్టండి.